తడిసే జత, తడవని జత

వానలు మొదలైతే చాలు, ఈ పేజీకి వచ్చే ఉత్తరాలన్నీ కొండల మీదే. ఈసారి వచ్చినవాటిలో చాలావరకు ఒక్క సంగతి చుట్టూనే తిరిగాయి. ఒక రాత్రి బయట పడుకుని కొండెక్కి రావాలంటే సంచిలో ఏం పెట్టాలి, ఏం తీసేయాలి? పెద్ద ఉత్తరం ముందు చూద్దాం, చిన్నవి తర్వాత.

ప్రశ్న: అక్కా, మాది తెనాలి, ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటాను. జులై రెండో వారంలో ఆఫీసువాళ్లం ఆరుగురం కర్ణాటక పడమటి కనుమల్లోని కుద్రేముఖ్ కొండకి వెళ్తున్నాం. శుక్రవారం రాత్రి బస్సు, శనివారం ఎక్కి దిగడం, ఆ రాత్రి కొండ కింద హోమ్‌స్టేలో పడక, ఆదివారం తిరుగు. నాకిదే మొదటిసారి. ఒక్క రాత్రికే కదా అనుకుని సర్దుకున్నాను, తూచి చూస్తే 13.8 కిలోలు వచ్చింది! బ్యాగు ఎత్తి భుజానికేసుకుని పీజీ మెట్లు మూడంతస్తులు ఎక్కేసరికే ఆయాసం వచ్చింది. ఏం పెట్టానో కింద రాస్తున్నాను, ఏది తీసేయాలో చెప్పండి. 60 లీటర్ల రక్‌సాక్ (ఫ్రెండ్‌ది), జీన్స్ రెండు, టీషర్టులు నాలుగు, కాటన్ హుడీ, టర్కీ టవల్, స్లీపింగ్ బ్యాగ్, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, మూడు లీటర్ల నీళ్లు, రెయిన్‌కోటు, గొడుగు, పెద్ద టార్చి, మందుల డబ్బా, షాంపూ, సబ్బు, ఫేస్‌వాష్, ఇంకా బీటీఎంలో ఉండే మా పిన్ని కట్టిచ్చే పులిహోర స్టీలు డబ్బా.

జవాబు: ముందు మీకో శభాష్, ఎందుకంటే మీరు తూచారు. ఈ పేజీకి రాసేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది "బ్యాగు చాలా బరువుంది" అంటారు గానీ ఎంతో చెప్పరు. తూచడం తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, కాటా మీద ఉత్తినే ఒకసారి, బ్యాగు తగిలించుకుని ఒకసారి నిలబడండి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేయండి, అంతే.

మీ లిస్టు చదువుతుంటే నాకు నా మొదటి ట్రెక్కే గుర్తొచ్చింది. నేనూ కుద్రేముఖే, నేనూ జీన్సే. బస్సు దిగి జీపెక్కాం, బ్యాగులన్నీ జీపు టాపు మీద వేశారు. నా బ్యాగుకి రెయిన్ కవరు ఉందన్న ధీమాతో నేను ముందు సీట్లో హాయిగా కూర్చున్నా. ఆ గుంతల్లో ఎగిరెగిరి పడుతూ వెళ్లేసరికి కవరు ఎక్కడో జారిపోయింది, అరగంట వాన నేరుగా బ్యాగులోకే దిగింది. పగలంతా కొండమీద తడిసి, సాయంత్రం వణుక్కుంటూ వచ్చి బ్యాగు తెరిస్తే రాత్రికని పెట్టుకున్న నైట్ డ్రెస్ కూడా పిండితే నీళ్లు కారుతోంది. హోమ్‌స్టే ఆవిడ నన్ను ఒకసారి పైనుంచి కిందదాకా చూసి, కన్నడంలో ఏదో అని, నవ్వి, లోపలికెళ్లి తన నైటీ తెచ్చిచ్చింది. నాకు రెండింతలుంది. ఆ నైటీలో పొయ్యి దగ్గర కూర్చుని తాగిన కషాయం రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది గానీ, ఆవిడే లేకపోతే ఆ రాత్రి ఏమయ్యేదో.

ఆ తర్వాత నుంచి నేను సర్దే పద్ధతి ఒక్కటే. రెండు జతలు. ఒకటి తడిసే జత, రెండోది తడవని జత. తడిసే జత ఒంటి మీద ఉంటుంది, శనివారం ఉదయం వేసుకుంటే ఆదివారం కొండప్రాంతం దాటేదాకా అదే. తడవని జత రాత్రి పడుకోవడానికి మాత్రమే, గోడలు, కప్పు ఉన్నచోట తప్ప బయటికి రాకూడదు. కష్టమెక్కడంటే ఆదివారం పొద్దున. ఆరని ఆ చల్లటి ప్యాంటులోకి మళ్లీ కాళ్లు దూర్చాలి, ప్రాణం పోతున్నట్టు ఉంటుంది, పొడిది వేసుకుందాంలే అనిపిస్తుంది. వేసుకోకండి. పది నిమిషాలు నడిస్తే ఒంటి వేడికి సర్దుకుంటుంది. వేసుకుంటే మాత్రం, ఆదివారం దారిలో ఏ చెట్టు పడో జీపు ఆగిపోతే మీ దగ్గర పొడి గుడ్డ ఒక్కటీ ఉండదు.

ఇప్పుడు మీ బట్టలకు వద్దాం. జీన్స్ రెండూ పీజీలోనే వదిలేయండి, ఒక్కటి కూడా వద్దు. ఒక జీన్స్ పొడిగా ఉన్నప్పుడే 700 గ్రాములు, తడిస్తే కిలో దాటుతుంది, ఆ బరువంతా నడుం నుంచి వేలాడుతూ మోకాలు వంగనివ్వదు. పైగా రెండు రోజులైనా ఆరదు. హుడీదీ ఇదే కథ. నూలు నీళ్లు పీల్చుకుని పట్టుకుంటుంది, ఒంటి వేడిని లాగేస్తుంది. జిమ్‌కి వేసుకెళ్లే పాలిస్టర్ టీషర్టు, సన్న నైలాన్ ట్రాక్ ప్యాంటు, ఇవి మీ దగ్గర ఉండే ఉంటాయి, కొత్తవి కొనక్కర్లేదు. చలికి హుడీ బదులు పల్చటి ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా ఉండే పాలిస్టర్ స్వెట్టరు) ఒకటి, 300 గ్రాములుంటుంది, తడిసినా పిండి దులిపి వేసుకుంటే ఎంతోకొంత వెచ్చగా ఉంటుంది. మన గొర్రెల కాపర్లు వానలో గొంగడి కప్పుకునేది ఊరికే కాదు, ఉన్ని తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. బరువుకి గొంగడి మోయలేం కాబట్టి ఫ్లీస్ అంటున్నా. ఈకలు నింపిన డౌన్ జాకెట్ ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి, మంచు కొండలకు అది రాజు, మన పడమటి కనుమల వానలో తడిసి ముద్దయ్యాక ఎందుకూ పనికిరాదు.

టర్కీ టవల్ బదులు తుండుగుడ్డ. నవ్వకండి, 150 గ్రాములు కూడా ఉండదు, తల తుడుచుకుని గట్టిగా పిండితే అరగంటలో మళ్లీ వాడుకోవచ్చు, మెడకు చుట్టుకోవచ్చు, మడమ బెణికితే కట్టుకోవచ్చు. మీ తెనాలి ఇంట్లో డజను ఉంటాయి.

స్లీపింగ్ బ్యాగ్ తీసేయండి. మీరు పడుకునేది హోమ్‌స్టేలో, వాళ్లే పరుపు, రగ్గు ఇస్తారు, ఫోన్ చేసి ఒకసారి అడగండి చాలు. ఆ రగ్గు మీద నమ్మకం లేకపోతే పాత దుప్పటి పల్చటిది ఒకటి. టెంటు తెస్తానని మీ గ్రూపులో ఎవడో ఒకడు ఉత్సాహపడతాడు (ప్రతి ఆఫీసు గ్రూపులోనూ ఒకడుంటాడు), వాడికి చెప్పండి, కుద్రేముఖ్ నేషనల్ పార్కు, కొండ మీద రాత్రి ఉండనివ్వరు, పొద్దున్నే వెళ్లి చీకటి పడకముందే దిగిపోవాలి.

60 లీటర్ల రక్‌సాక్ మీకు వద్దేవద్దు. ఖాళీ బ్యాగే 2 కిలోల పైన ఉంటుంది, పైగా ఖాళీ కనిపిస్తే మనిషి ఊరుకోడు, ఏదో ఒకటి కుక్కుతాడు. 30 లీటర్లది చాలు. మీ ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాగు కూడా దాదాపు అంతే ఉంటుంది, పట్టీలు గట్టిగా ఉంటే దాంతోనే వెళ్లండి. ఎదపైన కట్టుకునే చిన్న పట్టీ ఉంటే ఇంకా మంచిది.

రెయిన్ కవరు వేయండి గానీ దాన్ని నమ్మకండి. వీపుకి ఆనే వైపు అది మూయదు కదా, మెడ మీదుగా కారిన నీళ్లన్నీ ఆ దారినే లోపలికి పోతాయి. అసలు రక్షణ లోపలి నుంచి. బ్యాగంత పొడవున్న మందపాటి పాలిథిన్ సంచి ఒకటి బ్యాగు లోపల పరిచి, వస్తువులన్నీ అందులో పెట్టి, మూతి రెండుసార్లు మెలితిప్పి మడిచి రబ్బరు బ్యాండు వేయండి. ఊళ్లో యూరియా బస్తా లోపల వచ్చే ప్లాస్టిక్ సంచి చూశారా, అలాంటిది. దాంట్లో తడవని జతకి విడిగా ఇంకో కవరు. చెక్‌పోస్టు దగ్గర బ్యాగులు తెరిచి ప్లాస్టిక్ చూస్తారు, వాళ్ల గొడవంతా వాడి పారేసే సీసాలు, చిప్స్ ప్యాకెట్ల గురించి, పలచటి క్యారీ బ్యాగుల్లో సర్దుకుని వెళ్లి ఇబ్బంది పడొద్దు.

రెయిన్‌కోటు, గొడుగు, రెండూ రాశారు. గొడుగు కొండకి దగ్గరి ఊరు కలస బస్టాండులో టీ తాగేటప్పుడు బావుంటుంది. కొండ మీద సగం దూరం దాటాక చెట్లుండవు, అంతా గడ్డి, శిఖరం 1,890 మీటర్ల పైన, సముద్రం మీంచి వచ్చే గాలి మొట్టమొదట తగిలేది ఆ కొండలకే. దారిలో ఒక చోటికి ఒంటి మర అనే పేరు, కన్నడంలో ఒంటి చెట్టని, ఇక్కడ చెట్లెంత తక్కువో ఆ పేరే చెప్తుంది. అక్కడ గొడుగు తెరిచారంటే ఊచలు వెనక్కి తిరిగి గిన్నెలా అయిపోతుంది. బండి మీద వేసుకునే రెయిన్ సూట్ కూడా వద్దు, దాదాపు కిలో బరువు, పైగా ఎక్కుతుంటే లోపల చెమటకే తడిసిపోతారు. 350 గ్రాముల్లో హుడ్ ఉన్న రెయిన్ జాకెట్లు సర్జాపూర్ రోడ్డు వైపు ఏ స్పోర్ట్స్ షాపులో అడిగినా దొరుకుతాయి. ఒకటి మాత్రం ముందే ఒప్పుకోండి, మీరు ఎలాగూ తడుస్తారు. వానైనా కావచ్చు, చెమటైనా కావచ్చు. జాకెట్ ఉన్నది తడవకుండా ఉండటానికని కాదు, గాలి తగలకుండా ఉండటానికి. తడిసిన ఒంటికి గాలి తగిలితేనే ప్రమాదం, దానికి మంచే కురవక్కర్లేదు. మీలో ఎవరికైనా వణుకు ఆగకపోయినా, మాట ముద్దగా వస్తున్నా, ఊరికే తూలుతున్నా "అలిసిపోయాడులే" అని వదిలేయకండి, గాలి తగలని చోట కూర్చోబెట్టి, తడి చొక్కా తీసేసి పొడిది తొడిగి, తియ్యటిది ఏదైనా పెట్టి, నడవగలిగితే కిందకి తీసుకురండి. అందుకే ఆరుగురికీ కలిపి ఒక ఫ్లీస్, ఒక పొడి టీషర్టు గట్టి కవర్లో చుట్టి పైకి మోయండి, ఎవరు మోస్తారో ముందే అనుకోండి.

ఇక నీళ్లు. మూడు లీటర్లంటే మూడు కిలోలు, మీ బ్యాగులో అన్నిటికంటే బరువైంది అదే. ఒకటిన్నర లీటర్లు చాలు, వానలో దాహం తెలియదు కాబట్టి అలవాటుగా గంటకోసారి రెండు గుక్కలు తాగండి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు వేసుకోండి. కొండ మీద వాగు నీళ్లు అద్దంలా ఉంటాయి, తాగబుద్ధవుతుంది, పైన పశువులు తిరుగుతాయని గుర్తు తెచ్చుకోండి. బస్సులో తాగడానికి వేరే సీసా ఉంచుకుని హోమ్‌స్టేలో కాచిన నీళ్లు నింపుకోండి.

పవర్ బ్యాంక్ 10,000 ఎంఏహెచ్‌ది చాలు, బరువు సగమవుతుంది. ఎలాగూ కొండ మీద సిగ్నల్ ఉండదు, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెడితే రెండు రోజులు వస్తుంది. పెద్ద టార్చి బదులు తలకు పెట్టుకునే లైటు. షాంపూ, ఫేస్‌వాష్ సీసాలు తీసేసి రూపాయి సాచెట్ ఒకటి, ఆ సాచెట్ కవరు వెనక్కి తెచ్చుకోండి. మందుల డబ్బాలో డబ్బా తీసేసి మందులు తీసుకెళ్లండి.

పిన్నిగారి పులిహోర దగ్గర నాకు చెయ్యి ఆడలేదు. స్టీలు డబ్బాతో కలిపి కిలో ఉంటుంది. పోనీ వద్దందామా అంటే ఆవిడ మనసు నొచ్చుకుంటుంది. ఇలా చేయండి, తీసుకెళ్లండి, శుక్రవారం రాత్రి మెజెస్టిక్‌లో బస్సెక్కగానే ఆరుగురూ కలిసి తినేయండి, ఖాళీ డబ్బా హోమ్‌స్టేలో వదిలి వెళ్లి తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకోండి. కొండ మీదకి మధ్యాహ్నానికి చాలా హోమ్‌స్టేల వాళ్లు చిత్రాన్నమో, పులావో పొట్లం కట్టిస్తారు. మీరు మోయాల్సింది నాలుగు పల్లీ చిక్కీలు, గుప్పెడు ఖర్జూరాలు, రెండు సున్నుండలు. రానూ పోనూ సుమారు 20 కిలోమీటర్లు, దిగేటప్పుడు మూడింటికల్లా పులావ్ అరిగిపోయి కాళ్లు లాగేస్తుంటాయి, అప్పుడు సున్నుండ విలువ తెలుస్తుంది.

మొత్తం కూడుకుంటే మీ 13.8 కిలోలు 5 కిలోల పైచిలుకు అవుతుంది. అందులోనూ తడవని జత, తుండుగుడ్డ, స్లిప్పర్లు హోమ్‌స్టేలోనే ఉండిపోతాయి కాబట్టి కొండ మీదకి మీరు మోసేది 4 కిలోలు. జీపు టాపు మీద బ్యాగు వేయనివ్వకండి, ఒళ్లో పెట్టుకోండి.

ఇంకొక్క మాట. ఫారెస్టు డిపార్ట్‌మెంటు ఆన్‌లైన్ అనుమతి తీసుకున్నారు కదా? రోజుకి ఇంతమందికే ఇస్తారు. అనుమతి ఉన్నా వానలు మరీ ఎక్కువైతే దారి మూసేస్తారు. వెళ్లేముందు చిక్కమగళూరు జిల్లాకి వాతావరణ శాఖ ఏ రంగు చూపిస్తోందో చూడండి. రెడ్ అంటే 24 గంటల్లో 204 మిల్లీమీటర్లు దాటే వాన కురిసే అవకాశం ఉందని అర్థం, బెంగళూరులో అందులో సగం పడితేనే సిల్క్ బోర్డు దగ్గర ఏమవుతుందో మీకు తెలుసు. దారిలో దాటాల్సిన వాగులున్నాయి. పొద్దున చీలమండ లోతున్నది సాయంత్రానికి నడుం లోతు కావచ్చు. నీళ్లు ఎర్రగా మారి, మోకాలు దాటి పారుతుంటే దాటకండి, ఒడ్డునే ఆగండి, ఆలస్యమైతే కానివ్వండి. రెడ్ అలర్ట్ వస్తే టికెట్ డబ్బులు పోయినా మానేయండి.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి (పై ఉత్తరంలాంటివాడే, ఆఫీసు గ్రూపు) ట్రెక్‌కి నేను కూడా వస్తానంటే వద్దంటున్నాడు. నాకు 54. బీపీ మాత్ర రోజూ వేసుకుంటాను, కంట్రోల్‌లోనే ఉంది. ఎడమ మోకాలు మెట్లు దిగేటప్పుడు కాస్త పట్టేస్తుంది. రోజూ లాల్‌బాగ్‌లో గంట నడుస్తాను. నేను వెళ్లకూడదా? (జయనగర్ నుంచి)

జవాబు: లాల్‌బాగ్‌లో గంట నడిచేవారు ఇంట్లో కూర్చోనక్కర్లేదండీ. కానీ మీరే రాశారు, దిగేటప్పుడు పట్టేస్తుందని. వానాకాలంలో మోకాలికి దిగడంలోనే ఇబ్బందంతా, జారే బురదలో ప్రతి అడుగూ బ్రేకు వేస్తూ పది కిలోమీటర్లు దిగాలి, మధ్యలో పట్టేస్తే మిమ్మల్ని మోసుకు రావడానికి దారి లేదు. అబ్బాయి వద్దన్నది ప్రేమతోనే అనుకోండి, చెప్పే తీరు బాగోలేకపోయి ఉండొచ్చు.

ఒకటి చేయండి. ముందు ఒక ఆదివారం నంది కొండకు వెళ్లి, కారు కింద పెట్టేసి, నాలుగు కిలోల బ్యాగుతో మెట్లదారిన ఎక్కి దిగి చూడండి. మర్నాడు మోకాలు ఏమంటుందో వినండి. బాగానే ఉంటే డాక్టరునొకసారి అడిగి వెళ్లొచ్చు. బాగోకపోతే అదే చిక్కమగళూరు జిల్లాలో ముల్లయ్యనగిరి ఉంది, 1,930 మీటర్లు, కర్ణాటకలోకెల్లా ఎత్తయిన శిఖరం, చాలాదూరం బండి పోతుంది, మిగిలింది మెట్లే. కుద్రేముఖ్ కంటే ఎత్తు ఎక్కానని అబ్బాయితో చెప్పుకోవచ్చు కూడా. ఎక్కడికి వెళ్లినా రెండు చేతికర్రలు, బీపీ మాత్రలు రెండు చోట్ల (ఒకటి జేబులో, ఒకటి అబ్బాయి బ్యాగులో) తప్పనిసరి.

ప్రశ్న: అక్కా, జలగలు!! ఉప్పు చల్లాలంటారు, అగ్గిపుల్ల పెట్టాలంటారు, ముక్కుపొడి రాయాలంటారు. వాటివల్ల మంకీ ఫీవర్ వస్తుందని కూడా విన్నాను. నిజం చెప్పండి, నేను టికెట్ క్యాన్సిల్ చేసుకోవాలా? (బొమ్మనహళ్లి)

జవాబు: క్యాన్సిల్ చేసుకోకండి. మంకీ ఫీవర్‌కీ జలగకీ సంబంధం లేదు, అది అడవి పిడుదుల వల్ల వస్తుంది. శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో మొదట గుర్తించారు కాబట్టి ఆ అడవి పేరే పెట్టారు, అక్కడివాళ్లు మంగన కాయిలె అంటారు. అది ఎక్కువగా ఎండాకాలం వైపు నెలల్లో కనిపించే జబ్బు, జోరువానల్లో కాదు. ఎండాకాలంలో మలెనాడు (కర్ణాటక కొండప్రాంతం) వెళ్లేవాళ్లు మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

జలగ కుట్టినట్టు తెలియదు, నొప్పి ఉండదు. చూసుకునేసరికి ఎర్రగా కారుతూ ఉంటుంది, అదీ భయం. దాని లాలాజలంలో హిరుడిన్ లాంటి పదార్థం ఉంటుంది, రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, అందుకే జలగ పోయాక కూడా గంటసేపు కారుతుంది. కారనివ్వండి, కడిగి, గుడ్డ పెట్టి నొక్కి ఉంచండి. రక్తం పలచబడటానికి మందులు వాడేవాళ్లు మాత్రం వెళ్లేముందే డాక్టరుని అడగాలి.

తీయడానికి ఉప్పు, నిప్పు వద్దు. వాటికి అది కడుపులో ఉన్నది గాయంలోకే కక్కే ప్రమాదం ఉంది. సన్నగా ఉన్న తలవైపు చర్మానికి ఆనించి గోరు పెట్టి పక్కకి నెట్టండి, పట్టు వదులుతుంది, తర్వాత లావుపాటి వైపు. వదలగానే వేలికి అంటుకుంటుంది, క్యారమ్ కాయిన్ కొట్టినట్టు కొట్టండి, పోతుంది. మొదటిసారి చెయ్యి వణుకుతుంది, నాలుగోదాని నుంచి మాట్లాడుతూనే తీసేస్తారు.

ఉప్పు, ముక్కుపొడి పనికొచ్చేది ఎక్కకుండా ఆపడానికి, షూ మీదా సాక్సు మీదా. వానకి గంటలో కడుక్కుపోతాయి, మళ్లీ రాయాలి. అంతకంటే నయం లీచ్ సాక్స్, దగ్గరి నేత గుడ్డతో మోకాలి దాకా ఉంటాయి, ప్యాంటు వాటిలోకి దోపేయాలి. జత వంద గ్రాములు కూడా ఉండదు. మీ బ్యాగులో ఈ ఒక్కదానికి మాత్రం బరువు చూడకండి. రాలిన ఆకుల్లో, నీడలో ఆగి సెల్ఫీలు దిగకండి, ఆగాలనుకుంటే బండ మీద ఆగండి.

ప్రశ్న: మా అమ్మకి చెప్పలేక మీకు రాస్తున్నాను. ట్రెక్ రోజుకి పీరియడ్స్ డేట్ కలుస్తోంది. వెళ్లనా, మాననా? (హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్)

జవాబు: మీకు మొదటి రోజు మంచం దిగలేనంత నొప్పి ఉంటే మానేయండి, కొండ వచ్చే నెలా అక్కడే ఉంటుంది. లేదంటే వెళ్లండి. మెన్‌స్ట్రువల్ కప్ అలవాటున్నవాళ్లకి ఇబ్బందే లేదు, కానీ దాన్ని కొండ మీద మొదటిసారి ప్రయత్నించకండి. ప్యాడ్లయితే తడిలో ఒరుసుకుని తొడలు మండుతాయి, కొబ్బరినూనో వాజెలినో చిన్న డబ్బాలో పెట్టుకోండి, పొట్టి సైక్లింగ్ షార్ట్స్ లోపల వేసుకోండి. వాడినవి పేపర్లో చుట్టి జిప్ కవర్లో వేసి వెనక్కి తెచ్చేయాలి, పాతిపెట్టకూడదు, వానకి తేలిపోతాయి, పశువులు లాగుతాయి. గ్రూపులో ఇంకో అమ్మాయికి చెప్పి ఉంచండి. టాయిలెట్‌కి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు చూడండి మన ఆడపిల్లలు, అది మాత్రం చేయొద్దు. ఒకరు జాకెట్ అడ్డం పట్టుకుంటే సరిపోతుంది.

అమ్మకి చెప్పాలా అని మీరు అడగలేదు, నేనూ చెప్పను.

ప్రశ్న: వాటర్‌ప్రూఫ్ షూస్ ఆరువేలు పెట్టి కొనమంటున్నారు. కొననా? (వైట్‌ఫీల్డ్)

జవాబు: ఈ ఒక్క ట్రెక్ కోసమైతే వద్దు. పై నుంచి, అంటే చీలమండ దగ్గర నుంచి నీళ్లు దిగాక వాటర్‌ప్రూఫ్ షూ ఒక బకెట్టు, లోపలికి వచ్చిన నీళ్లని కూడా అది బయటికి పోనివ్వదు. అడుగు ముళ్లు ముళ్లుగా, లోతైన గాడులతో ఉండాలి, అదే ముఖ్యం. నీళ్లు వచ్చినా కారిపోయే మెష్ షూ చాలు, అరిగిన అడుగున్న జిమ్ షూస్ మాత్రం వద్దేవద్దు. కొత్తవి కొంటే రెండు వారాలు ఆఫీసుకి వేసుకుని తిరగండి. సాక్సులు మూడు జతలు, ఒకటి తడవని కవర్లో.

రాత్రి షూస్‌లో పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కండి, పడుకునే ముందు ఒకసారి మార్చండి. మలెనాడు ఇళ్లలో స్నానాల గదిలో నీళ్ల హండా కింద పొయ్యి రాత్రి దాకా వెచ్చగా ఉంటుంది, అందరూ షూస్ తీసుకెళ్లి దాని మూతి దగ్గర పెడతారు. మా గ్రూపులో ఒకాయనది అలాగే జిగురు కరిగి అడుగు ఊడొచ్చింది, మర్నాడు తాడుతో కట్టుకుని నడిచాడు. రెండడుగుల దూరంలో పెట్టండి.

ప్రశ్న: కళ్లజోడు ఉంది. వానలో ఏం కనిపించదు. ఏం చేయను?

జవాబు: ముందుకి అంచున్న క్యాప్ పెట్టుకుని దాని మీంచి హుడ్ వేసుకోండి, అద్దాల మీద చుక్క పడదు. జోడుకి తాడు కట్టుకోండి. పాత జోడు ఇంకొకటి బ్యాగులో.

ప్రశ్న: తిరిగొచ్చాక ఆ తడి బట్టల కంపు ఎలా పోగొట్టాలి? పోయిన ఏడాది మా రూమ్మేట్ నన్ను రెండు రోజులు బాల్కనీలో పడుకోబెట్టినంత పని చేశాడు. (మడివాళ)

జవాబు: ఆదివారం రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి బ్యాగు మూలన పడేసి పడుకుంటారు చూడండి, అక్కడే చెడుతుంది. ఎంత అలిసిపోయినా ఐదు నిమిషాలు. బ్యాగు తలకిందులు చేసి అన్నీ బయటికి తీయండి, రక్‌సాక్ జిప్పులన్నీ తెరిచి ఫ్యాను కింద వేలాడదీయండి, బట్టలూ సాక్సులూ బకెట్లో నీళ్లు పోసి గుప్పెడు ఉప్పు వేసి నానబెట్టండి. ఉప్పు కంపు కోసం కాదు. సాక్సు మడతల్లో ఒక్కోసారి జలగ ఒకటి మనతోపాటే బస్సెక్కి వచ్చేస్తుంది. మా ఇంట్లో ఒకటి మంగళవారం దాకా బతికే ఉంది, బాత్రూమ్ గోడ మీద, మా అత్తగారు చూసేదాకా.